నేను అనువదించని సన్మాన పత్రం

మా నాన్నకు ఎనభై ఏళ్ళు నిండబోతున్నాయని రెడ్‌మండ్ తెలుగువాళ్ళు ఆయనకు సన్మానం చెయ్యాలని నిర్ణయించారు. నిజానికి నిర్ణయించింది నాన్నే, వాళ్ళు కాదనలేకపోయారు. సన్మాన పత్రం రాసే పని మాత్రం నా నెత్తిన పడింది. "నువ్వయితే నా గురించి ఉన్నదున్నట్టు రాస్తావమ్మా," అన్నాడు ఫోనులో. ఉన్నదున్నట్టు రాసిన పత్రాన్ని సభలో ఎవరు చదవనిస్తారో నాకు తెలియదు గాని, సరేనన్నాను. కాలిఫోర్నియాలో మా డబ్లిన్ నుంచి విమానమెక్కి, రెడ్‌మండ్‌లో నేను పెరిగిన ఇంటికి వెళ్ళి, ఆయన ఘనకార్యాలకు ఆధారాలు దొరుకుతాయేమోనని గరాజ్‌లో పెట్టెలు విప్పడం మొదలుపెట్టాను.

మొదటి మూడు పెట్టెల నిండా శాలువాలే. నాన్న చాలా ఏళ్ళపాటు మా ఊరి తెలుగు సంఘానికి కల్చరల్ సెక్రటరీగా వెలగబెట్టాడు. ఒకరికొకరు శాలువాలు కప్పుకోవడమే ఆ సంఘం ముఖ్య కార్యక్రమం. ఈ ఏడు ప్రసాద్ అంకుల్‌కి నాన్న కప్పితే, వచ్చే ఏడు నాన్నకి ప్రసాద్ అంకుల్ కప్పేవాడు. ఆ శాలువాలను ఏం చెయ్యాలన్నది అమ్మ సమస్య. చలికాలంలో మా ఇంట్లో పాలు తోడుకునేవి కావు. అమ్మ తోడుపెట్టిన గిన్నెకి జరీ శాలువా నాలుగు చుట్లు చుట్టి, లైటు వేసి ఉంచిన అవెన్‌లో పెట్టేది. పొద్దునకి పెరుగు గట్టిగా గడ్డకట్టి ఉండేది. "మీ నాన్న సమాజసేవ వల్ల మనకి దక్కింది ఇదే, తినండి," అని వడ్డించేది. ఆ శాలువాలకి ఇప్పటికీ పుల్లటి వాసన పోలేదు.

నాలుగో పెట్టెలో ప్రతి ఉగాది సభ అయ్యాక సంఘం వేసే సావనీర్లున్నాయి. ఒకదాని మధ్య పేజీలో ఫొటో. పొట్టి జుట్టు, ఎండకి కమిలిన ముఖం, ట్రాక్‌సూట్ మీద ఎర్ర శాలువా, చేతిలో ఫ్రేము కట్టిన పత్రం పట్టుకుని ఒక తెల్లావిడ. ఆమె పక్కన లంగావోణీలో పద్నాలుగేళ్ళ నేను. లంగా అంచు కింద సాకర్ మేజోళ్ళు కనిపిస్తున్నాయి. ఫొటో కింద ఆ పత్రం మొత్తం అచ్చువేశారు. మొదటి వాక్యం చదివేసరికి సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. శాలువాల పెట్టె మీదే చతికిలబడ్డాను.

ఆమె పేరు మార్లీస్. మా సాకర్ కోచ్. జర్మనీలో బొగ్గుగనుల పక్కన ఒక చిన్న ఊళ్ళో పుట్టింది. పెళ్ళి పేరుతో అమెరికా వచ్చి, పెళ్ళి పెటాకులయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయింది. మా పేర్లకి ఆమె నోరు తిరిగేది కాదు గనక జెర్సీ నంబర్లతో పిలిచేది. నేను ఆరో నంబరు. మేమేమో పెద్దవాళ్ళెవరు కనిపించినా ఆంటీ అనే అలవాటు కొద్దీ "కోచ్ ఆంటీ" అనేవాళ్ళం. "నేను ఎవరికీ ఆంటీని కాను. పరిగెత్తండి," అనేది. నాలాగే ఆమె కూడా మిడ్‌ఫీల్డర్. మైదానం మధ్యలో ఉండి, వెనకవాళ్ళ దగ్గర బంతి తీసుకుని ముందువాళ్ళకి అందించడం మా పని. బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూసుకోవాలని, వచ్చాక ఆలోచిస్తే ఆలస్యమైపోయినట్టేనని రోజూ చెప్పేది. ఒకే పాస్ నలభైసార్లు చేయించేది. నలభయ్యోసారి కూడా నేను తప్పుగా కొడితే గొంతు పెంచేది కాదు. "మళ్ళీ," అనేది, అంతే. మా ఇంట్లో లెక్కలు రెండోసారి తప్పితేనే నాన్న చేతిలో పెన్సిల్ విరిగేది కాబట్టి, ఆ "మళ్ళీ" నాకు ఎంత హాయిగా వినిపించేదో ఇప్పుడు చెప్పినా ఎవరికీ అర్థం కాదు.

శనివారం పొద్దున మా ఇల్లంతా ఇంగువ వాసన. మిగతా పిల్లల అమ్మలు హాఫ్‌టైమ్‌కి నారింజ తొనలు తెచ్చేవారు. "రెండు తొనలు తిని ఏం పరిగెత్తుతారు, పాపం," అని మా అమ్మ హాట్‌ప్యాక్ నిండా పులిహోర కలిపేది. మొదట్లో ముక్కు మూసుకున్న అమ్మాయిలే నెల తిరిగేసరికి ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. వరసలో మొదటి ప్లేటు కోచ్‌ది. నాన్న ఇస్త్రీ ప్యాంటు, ఆఫీసు బూట్లు వేసుకుని మైదానం అంచు గీత పక్కన నిలబడేవాడు. ఆయనకి తెలిసిన ఆట క్రికెట్ ఒక్కటే. గంటన్నర సేపు ఇంతమంది పరిగెత్తి ఒక్క గోలు కూడా వెయ్యకపోతే దాన్ని ఆట అని ఎలా అంటారో ఆయనకి అర్థమయ్యేది కాదు. బంతి నా దగ్గరికి రాగానే "కొట్టవే, కొట్టు" అనేవాడు. నేను కొట్టకుండా పక్కదానికి ఇచ్చేదాన్ని. "వచ్చిందాన్ని వచ్చినట్టు ఊళ్ళోవాళ్ళకి పంచిపెట్టడం ఏం ఆటే?" అని ఇల్లు చేరేదాకా కారులో సణిగేవాడు. మరి నన్ను ఎందుకు ఆడనిచ్చాడంటే, కాలేజ్ అప్లికేషన్‌లో మార్కులు అందరికీ ఉంటాయి, స్పోర్ట్స్ ఒకటుంటే వేరుగా కనిపిస్తుందని ఎవరో చెప్పారు. నాకు మాత్రం వారం మొత్తంలో బతికున్నట్టు అనిపించేది ఆ గంటన్నరే. అది పోతే నాకు ఇంకేం లేదని ఆ వయసులో గట్టిగా నమ్మాను.

ఆ ఏడు ఉగాదికి ముఖ్య అతిథిగా రావలసిన సినిమా నటుడికి వీసా రాలేదు. పది రోజుల్లో ఇంకో ప్రముఖుణ్ణి పుట్టించాల్సిన అవసరం పడింది. ఎవరిని వెతుకుదామా అని సంఘం పెద్దలు మా డ్రాయింగ్ రూములో పకోడీలు తింటూ తల పట్టుకున్నారు. నాన్న చూపు వాకిట్లో ఆరేసిన నా సాకర్ మేజోళ్ళ మీద పడింది. "మన అమ్మాయి కోచ్ ఉందిగా. జర్మనీకి ఆడిందట," అన్నాడు. అక్కడితో సభ ముగిసింది.

మర్నాడే వివరాల కోసం కోచ్‌ని టిఫిన్‌కి పిలిచాడు. ఆమె పెసరట్టుని ఫోర్కుతో ముక్కలు కోసుకుని తింటూ, అడిగినదానికి అడిగినంతే చెప్పింది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఆడపిల్లలకి క్లబ్బు మైదానం ఇచ్చేవారు కాదు. గనుల పక్కన చదును చేసిన నేల మీద అన్నయ్యల బూట్లలో గుడ్డలు కుక్కుకుని ఆడేది. తర్వాత రోజులు మారాయి. పగలు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని, సాయంత్రం ప్రాక్టీసు. ఒక ఏడు వాళ్ళ క్లబ్బు కప్పు గెలిస్తే క్లబ్బు పెద్దలు ఒక్కొక్కరికి పూల బొమ్మల కాఫీ సెట్టు బహుమానంగా ఇచ్చారు. మగవాళ్ళకి ఏమిచ్చారని అమ్మ వంటింట్లోంచి అడిగింది. "కాఫీ సెట్టు కాదు," అంది కోచ్. దేశం జట్టుకి నాలుగు మ్యాచ్‌లు ఆడింది, అందులో రెండింటికి ఆట మధ్యలో దిగింది. తర్వాత మోకాలు పోయింది. అంతే తన కెరీర్ అని ప్లేటు పక్కకి జరిపి, ఇంకో పెసరట్టు ఉందా అని అడిగింది. ప్రతి మాటా నేను నాన్నకి తెలుగులో చెప్పాను. ఆయన ఇంగ్లీషు ఆయనకుంది గాని, కోచ్ యాస ముందు అది నిలబడేది కాదు. అప్పటికి నా అనువాదంలో ఏ కల్తీ లేదు.

రెండ్రోజుల తర్వాత ఆయన రాసిన పత్రం బల్ల మీద కనిపించింది. ప్రపంచ కప్ విజేత, జర్మనీ జట్టుకు సారథ్యం వహించిన క్రీడా కుసుమం, ఫుట్‌బాల్ రంగ సామ్రాజ్ఞి అని ఒక పేజీ నిండా ఉంది.

"నాన్నా, షీ డిడింట్ విన్ ద వరల్డ్ కప్," అన్నాను.

"జర్మనీ గెలిచిందా లేదా?"

"గెలిచింది మెన్స్ టీమ్."

"దేశం ఒకటే కదమ్మా. మగవాళ్ళు వేరు, ఆడవాళ్ళు వేరు అని నువ్వే అంటే ఎలా?"

సమానత్వం మీద మా నాన్న జీవితంలో చేసిన ఏకైక ప్రసంగం అది. సారథి అని ఎందుకు రాశావని అడిగితే, మధ్యలో ఉండి అందరికీ బంతి అందించేదాన్ని సారథి అనక ఏమంటారన్నాడు. నేను ఇంకా ఏదో అనబోతుంటే కళ్ళద్దాలు తీసి, "సన్మాన పత్రమంటే బయోడేటా కాదమ్మా. వచ్చినవాళ్ళని గౌరవించడం మన సంస్కారం. నువ్వు మరీ అంత పట్టుబడితే, ఆ ఆట సంగతి కూడా మనం ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలి," అన్నాడు. పత్రం మళ్ళీ బల్ల మీదే పెట్టేశాను.

హైస్కూలు ఆడిటోరియంలో సభ. మైకు కీచుమంటోంది, వెనక బల్లల మీంచి సమోసాల వాసన. అంతకు ముందే తెలుగు చదివే పోటీలో నాకు ఫస్ట్ ప్రైజ్ ఇచ్చారు, ఇచ్చిన జడ్జి ప్రసాద్ అంకుల్. తర్వాత కోచ్‌ని వేదిక మీదికి పిలిచారు. అనువాదం కోసం నన్ను పక్కన నిలబెట్టారు. నాన్న గొంతు సవరించుకుని రేడియో వార్తలు చదివినట్టు పత్రం చదివాడు. ప్రపంచ కప్ దగ్గర హాలంతా చప్పట్లు. కోచ్ నా వైపు వంగి, "ఏమంటున్నాడు?" అని అడిగింది. భుజం మీదుగా వెనక్కి చూశాను, ఆమె నేర్పినట్టే. నాన్న కాగితం పట్టుకుని నన్నే చూస్తున్నాడు. నిజం చెబితే ఆమె అక్కడే మైకు తీసుకుని సరిచేస్తుంది, అలాంటి మనిషి. సరిచేస్తే నాన్న పరువు పోతుంది, నాన్న పరువు పోతే నా శనివారాలు పోతాయి.

"మీకు మాతో చాలా ఓపిక అంటున్నారు, కోచ్."

ఆమె ముఖం ఎర్రబడింది. ఇంతవరకూ ఎవరూ ఆమెకి ఆ మాట చెప్పలేదేమో. మైకు ముందుకొచ్చి, "థాంక్యూ. ఇది నిజమే అనుకుంటున్నాను. దానికి చాలా కష్టపడ్డాను," అంది. ప్రపంచ కప్ గెలవడం గురించే అంటోందని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆమె ఆశ్చర్యపోయింది. ఓపికని ఇంతగా గౌరవించే జాతి ఇంకోటి లేదనుకుని ఉంటుంది.

మరుసటి శనివారం నుంచి మైదానం తెలుగు తల్లిదండ్రులతో నిండిపోయింది. అప్పటిదాకా గడ్డి అంటుకుంటుందని పిల్లల్ని బయటికి పంపనివాళ్ళు కూడా బూట్లు కొన్నారు. ప్రపంచ విజేత దగ్గర నేర్చుకుంటే అప్లికేషన్‌లో ఎలా ఉంటుందో ఎవరికి తెలియదు? రెండు నెలలు అలా గడిచాయి. ఆ తర్వాత ప్రసాద్ అంకుల్ ఆఫీసులో ఒక జర్మన్ ఇంజనీరు చేరాడు. మా పిల్లల కోచ్ మీ దేశానికి వరల్డ్ కప్ తెచ్చిపెట్టిందని అంకుల్ ఆయనకి కాఫీ మెషీన్ దగ్గర చెప్పాడు. ఆయన నవ్వి, మా ఆడవాళ్ళు ఇంతవరకూ వరల్డ్ కప్ గెలవలేదన్నాడు.

అంకుల్ సావనీర్ పట్టుకుని నేరుగా మైదానానికి వచ్చాడు. వెనక ఇంకో నలుగురు అంకుల్స్. ప్రాక్టీసు ఆగిపోయింది.

"యూ చీటెడ్ అస్, మేడమ్. వరల్డ్ ఛాంపియన్ అని చెప్పి మా పిల్లల్ని జాయిన్ చేయించుకున్నారు."

"నేనెప్పుడూ అలా చెప్పలేదు," అంది కోచ్.

"స్టేజ్ మీద మీరే ట్రూ అన్నారు. ఎవ్రీబడీ హర్డ్."

ఆమె సావనీర్ తీసుకుని తన ఫొటో కింద ఉన్న గుండ్రటి అక్షరాలను చూసింది. నా వైపు తిరిగింది. "ఆరో నంబర్, ఇక్కడ ఏం రాసి ఉంది?"

నాన్న గీత పక్కనే ఉన్నాడు. తన బూట్ల మీద లేని దుమ్ముని చూసుకుంటున్నాడు. ఆయన ఒక్క మాట అనుంటే సరిపోయేది, నేను ఒక్క మాట అన్నా సరిపోయేది.

"నాకు తెలుగు చదవడం సరిగా రాదు, కోచ్."

నాకు ఫస్ట్ ప్రైజ్ ఇచ్చిన మనిషి నా ఎదురుగానే ఉన్నాడు. ప్రసాద్ అంకుల్ నన్ను చూశాడు, నాన్నని చూశాడు, సావనీర్ మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఆయనకి మొత్తం అర్థమైంది. కాని ఆ పత్రం కింద ఐదుగురు సంతకాలు చేశారు, అందులో ఆయనదొకటి.

రెండు వారాల్లో తెలుగు పిల్లలందరూ మానేశారు. తన గొప్పల గురించి అబద్ధాలు చెప్పుకుందని మా సాకర్ క్లబ్బుకి ఫిర్యాదు వెళ్ళింది. వచ్చే సీజన్‌కి ఆమెని వద్దన్నారు. చివరి ప్రాక్టీసు అయ్యాక నేను కోన్లు ఏరి ఆమె సంచిలో వేస్తుంటే, "చూడాల్సింది చూశావు. పాస్ మాత్రం ఇవ్వలేదు," అంది. తిట్టి ఉంటే నాకు ఎంత తేలికగా ఉండేదో. ఏ ఆట కోసం అబద్ధం ఆడానో ఆ ఆట కూడా నాకు దక్కలేదు. ఆడవాళ్ళ సాకర్‌లో పరువు లేదని తేల్చి నాన్న నన్ను టెన్నిస్‌లో వేశాడు. నా కాలేజ్ అప్లికేషన్‌లో మాత్రం, అంతర్జాతీయ క్రీడాకారిణి దగ్గర శిక్షణ పొందినట్టు ఒక వాక్యం రాయించాడు. ఆ వాక్యం పనిచేసింది కూడా.

అప్పటి పెద్దవాళ్ళని వెక్కిరించడం తేలికే. ఇప్పుడు ఫ్రిస్కోలో మా పెదనాన్న మనవరాలికి పన్నెండేళ్ళు. దాని సాకర్‌కి ఒక కోచ్, పరుగుకి ఒక కోచ్, వీడియోలు ఎడిట్ చెయ్యడానికి ఒక మనిషి. ఆ వీడియోల్లో అది కొట్టిన గోల్సన్నీ ఉంటాయి, తప్పిన పాస్ ఒక్కటీ ఉండదు. అప్పట్లో సన్మాన పత్రం ఇంకొకరు రాయాల్సి వచ్చేది, కనీసం ఐదుగురు సంతకాలు చెయ్యాల్సి వచ్చేది. ఇప్పుడు ఎవరిది వాళ్ళే రాసుకుంటున్నారు, సంతకాలతో కూడా పని లేదు. ఆఫీసులో నా ప్రొఫైల్ నేనే రాసుకున్నాను కాబట్టి ఈ విషయం నాకు బాగా తెలుసు.

సావనీర్ తీసుకుని ఇంట్లోకి వెళ్ళాను. నాన్న సోఫాలో ఉన్నాడు. పేజీ విప్పి ఆయన ఒళ్ళో పెట్టాను. కళ్ళద్దాలు సర్దుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఆయన ముఖంలో ఏదైనా కదులుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను.

"ఎంత బాగా రాశానో చూడు," అన్నాడు. "ఇప్పటివాళ్ళకి ఈ భాష ఏదీ? నాది కూడా ఇదే ఫ్లోలో ఉండాలమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎనభై ఏళ్ళ మనిషిని ఏమనాలో తెలియక వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ చింతపండు నానబెడుతోంది.

"మీ కోచ్ ఇక్కడికి గంట దూరంలో, టకోమాలో ఉంటోంది. ఏటా డిసెంబర్‌లో నాకు కార్డ్ పంపిస్తుంది," అంది తల తిప్పకుండా.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వెప్పుడు అడిగావు? పులిహోర కలుపుతున్నాను, పట్టుకెళ్ళు."

మధ్యాహ్నానికి టకోమాలో ఆమె అపార్ట్‌మెంట్ తలుపు తట్టాను. కర్ర ఊతతో వచ్చి తలుపు తీసింది. జుట్టు ముగ్గుబుట్టలా అయింది, చూపు మాత్రం అదే. "ఆరో నంబర్. ఆలస్యంగా వచ్చావు," అంది. నా చేతిలో హాట్‌ప్యాక్ అందుకుని మూత తీసి వాసన చూసింది. వంటింటి గోడ మీద నాన్న రాసిన పత్రం ఫ్రేముతో సహా వేలాడుతోంది. దాని కింద అరలో పూల బొమ్మల కాఫీ కప్పులు వరసగా ఉన్నాయి. వాటిలోనే కాఫీ పోసింది.

"రెండేళ్ళ కింద పక్కింటి అమ్మాయి ఆ పత్రానికి ఫోన్ పెట్టి ఇంగ్లీషులో చదివించింది. నేను పువ్వునట, మహారాణినట. వరల్డ్ కప్ గెలిచానట. ఆ కప్పు సంగతి మైదానంలో విన్నాను, మిగతావి నాకెవరూ చెప్పలేదు," అంది.

"అయినా గోడ మీదే ఉంచారా?"

"ఫోన్‌ని నేను నమ్మను. నువ్వొచ్చి చదువుతావని ఉంచాను."

ఫ్రేము దింపి, వెనక అట్ట ఊడదీసి, కాగితం నా ముందు పెట్టి ఎర్ర పెన్ను చేతికిచ్చింది. ఈసారి మొత్తం చదవమంది. ఒక్కో వాక్యం చదివి ఇంగ్లీషులో చెప్పాను. ప్రపంచ కప్ దగ్గర "కొట్టెయ్" అంది. సారథి దగ్గర "కొట్టెయ్" అంది. కొట్టేసిన చోట ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. నాలుగు మ్యాచ్‌లు, రెండింటికి మధ్యలో దిగింది. పోస్టాఫీసు. మోకాలు. నా కళ్ళనీళ్ళు పడి ఒకచోట ఎర్ర సిరా అలుక్కుపోయింది. ఆమె నా వైపు చూడకుండా పేపర్ నాప్కిన్ జరిపింది. నాన్నకి నేను రాయాల్సిన పత్రం ఎలా మొదలుపెట్టాలో నాకు అక్కడ తెలిసింది. ఆయన కోరినట్టే, ఉన్నదున్నట్టు, ఈ పేజీ నుంచే మొదలుపెడతాను.

అంతా అయ్యాక ఆమె కాగితం తన వైపు తిప్పుకుని కాసేపు చూసింది.

"మరి ఆ లైన్ ఎక్కడుంది? నాకు ఓపిక ఎక్కువని చెప్పావు. ఫోన్‌కి కూడా దొరకలేదు."

"అది ఇందులో లేదు, కోచ్. అది నేను కల్పించాను."

ఆమె కాఫీ ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టింది.

"అయితే అది కూడా రాయి. నీ కోసం ఇన్నేళ్ళు ఆగాను. అది నిజమే కదా."

రాశాను. తెలుగులోనే రాశాను, ఒక్క తప్పు లేకుండా.